బాతులకు లెక్క ఉంది, మనుషులకు లేదు

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల పార్కుకు పోయిన చలికాలం వెళ్లాను. కేవలాదేవ్ జాతీయ ఉద్యానవనం అని దాని పేరు. దాదాపు 29 చదరపు కిలోమీటర్ల నేల. నీటి మడుగులు, కొంగలు, బాతులు, దుప్పులు, నీలుగాయిలు. లోపల తిరగడానికి సైకిళ్లు, రిక్షాలు. రిక్షా తొక్కే మనిషే కొమ్మ చాటు పక్షిని గుర్తుపట్టి దాని ఇంగ్లీషు పేరు చెబుతాడు. అందమైన చోటు. అందులో అబద్ధం లేదు.

లోపల కేవలాదేవ్ గుడి దగ్గర రాతి ఫలకాలున్నాయి. ఏ తేదీన ఏ పెద్దమనిషి వేటకు వచ్చాడు, ఎన్ని తుపాకులు పేలాయి, ఎన్ని పక్షులు రాలాయి అన్నీ చెక్కి పెట్టారు. 1938లో వైస్రాయ్ లిన్‌లిత్‌గో వచ్చినప్పుడు ఒక్కరోజులో 4,273 పక్షులను చంపారు. ఆ అంకె ముందు నేను చాలాసేపు నిలబడ్డాను.

ఎందుకంటే ఈ నేలకు ఇంకో లెక్క ఉంది. అది ఏ రాతి మీదా చెక్కలేదు.

ఇది మనిషి చెయ్యి పడని అడవి కాదు. 18వ శతాబ్దంలో సూరజ్‌మల్ కట్టించిన అజాన్ కట్ట నీళ్లు ఈ పల్లానికి చేరాయి. తర్వాత రాజులు చిన్న చిన్న కట్టలు వేసి, తూములు పెట్టి, బాతుల వేట కోసం దీన్ని తయారు చేయించుకున్నారు. మట్టి మోసిందెవరో మనకు తెలుసు. అప్పుడూ ఇప్పుడూ మట్టి మోసే కులాలు మారలేదు. చుట్టుపక్కల ఊళ్ల బర్రెలు, ఆవులు ఇక్కడే మేశాయి. ఊరి ఆడవాళ్లు ఇక్కడే పుల్లలు ఏరుకున్నారు.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. రాజ్యం పోయింది. అయినా 1972 దాకా ఇక్కడ వేటాడే హక్కు రాజుగారికి మిగిలే ఉంది. ఆ తర్వాత పదేళ్లకే దీన్ని జాతీయ ఉద్యానవనం చేశారు. చుట్టూ గోడ లేచింది. 1982లో పశువుల మేతను నిషేధించారు. అడ్డుకున్న గ్రామస్తుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. మనుషులు చచ్చిపోయారు. ఎంతమంది? ఒక పుస్తకంలో ఒక సంఖ్య, మరో పుస్తకంలో మరో సంఖ్య. బాతులను ఒక్కటి కూడా వదలకుండా లెక్కపెట్టిన చోట, మనుషులకు ఖాయమైన లెక్క లేదు.

మరి ఆ నిషేధంతో పక్షులు బాగుపడ్డాయా? బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్తలు ఇక్కడ పదేళ్లు పరిశోధన చేశారు. బర్రెలు లేకపోయేసరికి పాస్పలం అనే గడ్డి నీళ్ల మీద దట్టంగా అల్లుకుంది. నీటి పక్షులకు ఈదే చోటు తగ్గింది, తిండి దొరికే చోటు తగ్గింది. బర్రె మేయడం ఈ మడుగులకు మేలే చేసిందని వాళ్ల పరిశోధన తేల్చింది. కాల్పులకు ముందు అడిగి ఉంటే ఈ మాట కాపరి చెప్పేవాడు. కాపరి మాట శాస్త్రం కాదు కదా! తర్వాత అధికారులే గడ్డి కోసుకోండని ఊళ్లవాళ్లకు అనుమతులు ఇవ్వాల్సి వచ్చింది. సర్కారు తుమ్మ పార్కు నిండా కమ్ముకున్నప్పుడు దాన్ని పీకడానికీ ఆ ఊళ్లవాళ్లనే పిలిచారు. హక్కుగా వస్తే నేరస్తుడు, కూలీగా వస్తే భాగస్వామి. ఇదీ వాళ్ల పర్యావరణ న్యాయం.

ఇది దళితుల ఒక్కరి గొడవ అని నేను అనడం లేదు. గొడ్డూగోదా ఉన్న ప్రతి ఇంటికీ ఆ మేత కావాలి. కానీ గోడ లేచినప్పుడు దెబ్బ అందరి మీదా సమానంగా పడదు. పొలం ఉన్నవాడు తన గట్టు మీద గడ్డి కోసుకుంటాడు. సెంటు భూమి లేని మనిషి ఎక్కడికి పోవాలి? ఈ దేశంలో భూమి లేకపోవడం కులంతో పుట్టిన సంగతి. అందుకే ఉమ్మడి నేలకు గోడ కట్టడమంటే, లేనివాడి ఆఖరి ఎకరాన్ని గుంజుకోవడమే.

ఇది నాకు పుస్తకాలు నేర్పలేదు. మా అమ్మ చెరువు శిఖంలో గడ్డి కోసి ఒక్క బర్రెను సాకింది. ఆ పాల డబ్బుతోనే నా ఫీజులు కట్టింది. కొన్నేళ్ల కింద మా చెరువుకు ‘సుందరీకరణ’ వచ్చింది. ఫెన్సింగ్, వాకింగ్ ట్రాక్, బోటు షికారు, టికెట్. గేటు దగ్గర ‘పశువులకు ప్రవేశం లేదు’ అని బోర్డు. ఒకరోజు కాపలావాడు అమ్మ చేతిలో కొడవలి గుంజుకున్నాడు. పొద్దున వాకింగ్‌కు వచ్చే సార్ల కుక్కలు మాత్రం ఆ ట్రాక్ మీద దర్జాగా తిరుగుతాయి. అమ్మ బర్రెను అమ్మేసింది.

చెరువు ఎవరిది అన్న ప్రశ్న మనకు కొత్త కాదు. మహద్‌లో చవదార్ చెరువును అంటరానివాళ్లకు తెరుస్తున్నామని మున్సిపాలిటీ 1924లోనే తీర్మానం చేసింది. తీర్మానం కాగితం మీదే ఉండిపోయింది. పశువులు, పక్షులు తాగిన ఆ నీళ్లను మన మనుషులు ముట్టరాదన్నారు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేడ్కర్ వేల మందితో వెళ్లి ఆ నీళ్లు తాగారు. దాహం కోసం కాదు, మనమూ మనుషులమేనని చాటడానికి.

ఇవాళ కూడా కాగితం మీద చట్టం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం మేత హక్కును గుర్తించింది. జాతీయ పార్కుల్లోనూ, మనుషులు ఉంటే వన్యప్రాణులకు చెరుపు అని రుజువు చేయకుండా, గ్రామసభ ఒప్పుకోకుండా హక్కులు మార్చకూడదంది. కానీ ఆదివాసులు కానివాళ్లు 75 ఏళ్ల నివాసం చూపించాలని మెలిక పెట్టింది. తాతలకు పట్టా ఇవ్వని దేశం మనవడిని తాతల రుజువు అడుగుతోంది.

‘పక్షులు వద్దా మీకు?’ అని పర్యావరణ ప్రేమికులు అడుగుతారు. కావాలి. పార్కులూ కావాలి, మడుగులూ కావాలి. మందలను అడ్డూ అదుపూ లేకుండా తోలమని ఎవరూ అడగడం లేదు. ఎంత మేయాలో, ఎప్పుడు ఆపాలో తేల్చే బల్ల దగ్గర కాపరికి, గడ్డి కోసే ఆడమనిషికి కుర్చీ వేయమంటున్నాం. బైనాక్యులర్ ఉన్నవాడు ప్రకృతి ప్రేమికుడు, కొడవలి ఉన్నామె ప్రకృతికి శత్రువు అనే చూపు శాస్త్రం కాదు. అది పాత మైల చూపే, పచ్చ చొక్కా తొడుక్కుని వచ్చింది.

ఆ గుడి దగ్గర ఇంకో రాయి నిలబెట్టాలి. 1982లో చనిపోయినవాళ్ల పేర్లన్నీ దాని మీద చెక్కాలి. బాతులను లెక్కపెట్టిన చేతులకు మనుషులను లెక్కపెట్టడం అంత కష్టమేమీ కాదు.

జై భీమ్!