ఏ గడిలోనూ పట్టని మనిషి

చాలా ఏళ్ల క్రిందటి మాట. పశ్చిమ ప్రకాశంలోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో మేము గుమాస్తాగా పనిచేస్తున్న రోజుల్లో ఒక ఆడపడుచు అర్జీ పట్టుకొని వచ్చింది. దూదేకుల కుటుంబం. భర్త పలకల రాయి కోసే పనిలో ఉండి, దగ్గుతో మంచాన పడి కన్నుమూశాడు. ఆమె కూడా పలకలు రుద్ది నునుపు చేసే పనికే పోయేది. కూలి రోజు లెక్కన కాదు, చేసిన పలకల లెక్కన. ఇద్దరు పిల్లలు. పరుపులు కుట్టుకొని బ్రతుకుదామని, దూదికీ గుడ్డకూ పెట్టుబడిగా చిన్న రుణం అడిగింది.

మేము కాగితాలు తిరగేసి, "అమ్మా, నీ కుల ధ్రువపత్రంలో బి.సి.-బి అని ఉంది. ఇది మైనారిటీల పథకం. నువ్వు బి.సి.ల ఆఫీసుకు పోవాలి" అని చెప్పాము. పోయింది. "సాయిబులకు వేరే ఆఫీసు ఉంది గదమ్మా" అన్నారట అక్కడ. కార్మికుల పథకం క్రింద అడుగుదామంటే కార్ఖానా రిజిస్టరులో ఆమె పేరూ లేదు, భర్త పేరూ లేదు. వితంతు పింఛను అడిగితే రేషను కార్డు అత్తగారి పేరన ఉన్నది గనుక విడి కుటుంబం కాదన్నారు. నాలుగోసారి మా బల్ల ముందుకు వచ్చి, "నేను ఏ ఆఫీసు మనిషినో అదన్నా రాసియ్యండి సారూ, అక్కడికే పోతా" అన్నది.

రాసి ఇవ్వలేదు. అటువంటిది రాసి ఇచ్చే నమూనా మా దగ్గర లేదు.

ఆమెకు ఎవరూ అబద్ధం చెప్పలేదన్న సంగతి పాఠకులు గమనించాలి. నలుగురు గుమాస్తాలు నాలుగు నిబంధనలు చదివి వినిపించారు. విడివిడిగా చూస్తే నాలుగూ సరైనవే. నాలుగూ కలిసి ఒక మనిషిని వీధిలో నిలబెట్టాయి. ఆ తర్వాత నిబంధనలు కొన్ని మారాయి, కార్యాలయాల పేర్లూ మారాయి. కాని మనిషిని ఒక్కొక్క గడిలో విడదీసి చూచే పద్ధతి మారలేదు. ఉద్యోగ విరమణ చేసి సముదాయ సేవలో దిగిన తర్వాత మాకు ఇది మరింత స్పష్టంగా కనబడుతున్నది.

ఈ పద్ధతిలోని లోపానికి సామాజిక పరిశోధకులు ఒక పేరు పెట్టారు. ఇంటర్‌సెక్షనాలిటీ అంటారు. నోరు తిరగని మాట. మా మిత్రులతో మాట్లాడేటప్పుడు మేము "కూడలి దృష్టి" అంటాము. అమెరికాకు చెందిన నల్లజాతి న్యాయశాస్త్ర పండితురాలు కింబర్లీ క్రెన్‌షా 1989లో ఒక వ్యాసంలో ఈ మాటను ముందుకు తెచ్చారు. ఆమె చూపించిన ఉదాహరణ మన కార్యాలయాల్లో పనిచేసిన వారికి వెంటనే అర్థమవుతుంది. ఎమ్మా డిగ్రాఫెన్‌రీడ్ అనే ఆమె, మరి నలుగురు నల్లజాతి స్త్రీలు జనరల్ మోటార్స్ కంపెనీపై వ్యాజ్యం వేశారు. 1964కు ముందు ఆ కంపెనీ నల్లజాతి స్త్రీలను పనిలోకి తీసుకోలేదు. 1970 తర్వాత చేరిన నల్లజాతి స్త్రీలందరూ, చివర చేరినవారిని ముందు తీసివేయాలన్న నియమం క్రింద ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. 1976లో కోర్టు ఏమన్నది? కంపెనీ ముందునుంచీ స్త్రీలను తీసుకుంటున్నది గనుక స్త్రీలపై వివక్ష లేదన్నది. ఆ తీసుకున్న స్త్రీలు తెల్లవారు. జాతి వివక్ష సంగతి మరొక కేసుతో కలిపి చూసుకోమన్నది. "నల్లజాతి స్త్రీలు" అనే ప్రత్యేక వర్గంగా రెండు ఫిర్యాదులనూ కలిపి అడగడానికి వీల్లేదన్నది. మా బల్ల దగ్గర జరిగినదీ ఇదే గదా!

ఇది పరాయి దేశపు సంగతి మాత్రమే కాదు. ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్లిన ఒక కేసులో, పుట్టుకతో అంధురాలైన ఒక దళిత యువతిపై జరిగిన అత్యాచారం విషయమై, 2021 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ ఈ భావనను విపులంగా చర్చించింది. కులం, స్త్రీత్వం, వైకల్యం మూడూ ఆమె జీవితంలో కలిసే ఉన్నాయని, వాటిని విడదీసి చూడడం కష్టమని ధర్మాసనం అంగీకరించింది. అంగీకరించి కూడా, కులం కారణంగానే నేరం జరిగిందనడానికి సాక్ష్యం చాలలేదంటూ ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం క్రింది శిక్షను ప్రక్కన పెట్టింది. అత్యాచార నేరానికి పడిన యావజ్జీవ శిక్ష మాత్రం నిలిచింది. భావన న్యాయస్థానం దాకా చేరింది. చట్టపు గడులు పాతవిగానే ఉన్నాయి.

ఇక మన ప్రాంతానికి వద్దాం. శ్రీశైలం దారి, ఆత్మకూరు దారి, మార్కాపురం దారి కలిసే దోర్నాల కూడలిలో ఒక ప్రమాదం జరిగిందనుకోండి. దెబ్బ తిన్న మనిషిని పట్టుకొని ఏ దారిలో వచ్చిన బండి గుద్దిందో తేలితేగాని కట్టు కట్టమంటే ఎలా ఉంటుంది? మన పేదల విషయంలో ప్రభుత్వ లెక్కలు అడుగుతున్నది ఆ ప్రశ్నే.

మార్కాపురం పలక పట్టకుండా అక్షరాలు దిద్దిన పిల్లలు ఒకప్పుడు తెలుగునాట అరుదు. ఆ పలక చేసే పిల్లలకు అక్షరాలు అందని రోజులూ అవే. 1987 జాతీయ బాలకార్మిక విధానం ప్రత్యేకంగా గుర్తించిన పరిశ్రమల్లో శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాదు గాజు, మందసౌర్ పలకలతోపాటు మార్కాపురం పలకలు కూడా ఉన్నాయి. మన ఊరి పేరు దేశపు విధాన పత్రంలోకి ఎక్కిన సందర్భం అది! విధానం పిల్లవాణ్ణి చూసింది, పరిశ్రమను చూసింది. అది మంచిదే, దాని వల్ల చదువుకున్నవారు ఉన్నారు. కాని ఏ ఇంటి పిల్లవాడు? ఆ ఇంట్లో తండ్రి ఊపిరితిత్తుల్లో ఎంత రాతిధూళి చేరింది? తల్లి కూలి ఎవరి లెక్కలో ఉన్నది? అన్నను బడికి పంపి చెల్లెల్ని ఎందుకు ఆపారు? ఈ ప్రశ్నలకు ఆ కాగితంలో గడి లేదు. చెల్లెల్ని ఆపిన కారణం చాలా ఇళ్లలో నీళ్లు. బోరు నీళ్లలో ఫ్లోరైడు, తాగే నీళ్లకు ట్యాంకరు, ట్యాంకరు ఎప్పుడు వస్తుందో తెలియదు గనుక బిందెల దగ్గర ఒక ఆడపిల్ల. నీటి పారుదల శాఖ దీన్ని వెలిగొండ సమస్య అంటుంది, విద్యాశాఖ బడిమానివేత అంటుంది, కార్మిక శాఖ బాలకార్మికత అంటుంది. పిల్ల మాత్రం ఒక్కతే.

సగటు లెక్కలు చేసే అన్యాయం మరొకటి. 1970లో కర్నూలు నుండి మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలను, గుంటూరు, నెల్లూరుల నుండి మరికొన్ని తాలూకాలను కలిపి ఒంగోలు జిల్లాను ఏర్పరచారు. తర్వాత దానికే ప్రకాశం పేరు పెట్టారు. అప్పటి నుండి సముద్రపు ఒడ్డు చేలూ నల్లమల అంచు మెట్టలూ ఒకే సగటులో కలిశాయి. కంభం, బేస్తవారిపేట, కొమరోలు, తర్లుపాడు మండలాల దారిద్ర్యం జిల్లా సగటులో పలచబడి పోయింది. 2008-09లో కేంద్రం మైనారిటీల జనాభా ఎక్కువగా ఉన్న 90 జిల్లాలను ఎంచి బహుళరంగ అభివృద్ధి కార్యక్రమం చేపట్టింది. అందులో ప్రకాశం లేదు. జిల్లాను కొలతగా పెట్టుకుంటే, ప్రతి ఊరిలో కొద్ది ఇళ్లుగా చెదిరి ఉన్న మనవంటి వారు ఏనాటికీ ఆ కొలతకు అందరు. ఒక పట్టణంలోని ఒక మొహల్లాలో బీదరికం ఎంత గాఢంగా ఉన్నా అంతే.

ఇప్పుడు మన ఇంటిలోని మాట. ఇది కొందరికి నచ్చకపోవచ్చు.

ముస్లిం అన్న ఒక్క మాట క్రింద మనమందరం ఒకటిగా లేము. అనంతరామన్ కమిషన్ తర్వాత 1970లో వచ్చిన జాబితాలో దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషాలు బి.సి.-బి లోనూ, మెహతర్లు బి.సి.-ఎ లోనూ చేరారు. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక ఆధారంగా వచ్చిన చట్టం అత్తరు సాయిబులు, ఫకీర్లు, ధోబీలు, హజామ్‌లు, ఖురేషీలు, షేక్‌లు మొదలైన వారిని బి.సి.-ఇ గా గుర్తించి 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. సయ్యద్, పఠాన్, మొగల్ వంటి వారిని మినహాయించింది. ఆ జాబితాలో తురక కాశలున్నారు. రోళ్లకు కక్కు కొట్టి, తిరగళ్లకు గంట్లు పెట్టి బ్రతికినవారు. ఇంటింటికీ మిక్సీ వచ్చిన తర్వాత వారు ఏమయ్యారో ఏ సర్వే అయినా అడిగిందా? దూదేకులవారి ఇళ్లలో మాట తెలుగు. మైనారిటీ విద్య అంటే ఉర్దూ విద్యేనని అనుకొని వేసిన ప్రతి ప్రణాళికా వారి గుమ్మం దాటి పోయింది. వారితో వియ్యానికి వెనుకాడే ఇళ్లు మన మధ్య ఉన్నాయి. ప్రభుత్వం వారిని సాయిబులంటుంది, సాయిబులు వారిని దూదేకులంటారు.

"ఇస్లాంలో కులం లేదు, కాగితం మీద రాయించి మనలను ముక్కలు చేసుకోవడమెందుకు?" అని మా మస్జిదులోనే పెద్దలు అడిగారు. ధర్మం ప్రకారం లేదు, ఉండకూడదు. దైవభీతి తప్ప మనుషుల హెచ్చుతగ్గులకు మరొక కొలత లేదన్నదే మన విశ్వాసం. కాని రోగం ఉండకూడదని రోగి పేరు రాయకుండా ఉంటే వైద్యం జరగదు. పైగా లెక్క లేకపోవడం మనకు ఎంత చేటు చేసిందో 2010లో చూశాము. ఆ 2007 చట్టాన్ని హైకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2010 ఫిబ్రవరి 8న కొట్టివేసినప్పుడు, మెజారిటీ తీర్పు చూపిన కారణాల్లో వివరాల సేకరణ శాస్త్రీయంగా జరగలేదన్నది ఒకటి. మార్చి 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు ఆసరాతోనే మన పిల్లలు ఇంజనీరింగు, వైద్య సీట్లు పొందుతూ వచ్చారు. ఒక తరం చదువు మధ్యంతర ఉత్తర్వు మీద నడిచింది!

ప్రక్కనున్న తెలంగాణ 2024లో ఇంటింటి సర్వే చేసి, మరుసటి ఏడాది ఫలితాలు వెల్లడించింది. మొత్తం జనాభాలో ముస్లింలు 12.56 శాతం, అందులో బి.సి. ముస్లింలు 10.08, ఓ.సి. ముస్లింలు 2.48. అంటే ప్రతి అయిదుగురిలో నలుగురు వెనుకబడినవారే. ఈ అంకెలు చూసి తెలంగాణ ముస్లింలు ముక్కలైనట్లు మాకు కనబడలేదు. అడగడానికి ఒక ఆధారం మాత్రం దొరికింది. అయినా అది సగమే. ఆ 10.08లో స్త్రీలు ఏ పని చేస్తున్నారు, ఏ మండలంలో, ఏ బిరాదరీవారు అన్నది కలిపి చూపే పట్టికలు కావాలి.

స్త్రీల సంగతికి వస్తే తప్పంతా ప్రభుత్వానిది కాదు. ఉద్యోగ విరమణ తర్వాత కొందరు యువకులతో కలిసి మా మొహల్లాలో ఒక నోటుపుస్తకం పట్టుకొని ఇల్లిల్లూ తిరిగాము. "ఇంట్లో ఆడవాళ్లు ఏం పని చేస్తారు భాయ్?" అంటే, "ఏమీ లేదు చాచా, ఇంట్లోనే ఉంటారు" అని మగవారి జవాబు. ఆ జవాబు చెబుతున్న మనిషి వెనుక వసారాలో భార్య పరుపు కుడుతున్నది, తల్లి దూది విప్పుతున్నది. మేము కూడా మొదటి రెండు వీధుల్లో "పని లేదు" అనే రాసుకున్నాము. ముప్పై ఏళ్ల చేతి అలవాటు అంత తొందరగా పోదు. మా కోడలు ఆ పుస్తకం చూసి, "మామయ్యా, ఆడవాళ్లను ఆడవాళ్లు అడగాలి" అని చెప్పిన తర్వాత ఇద్దరు డిగ్రీ చదివే అమ్మాయిలను వెంట తీసుకొని ఆ రెండు వీధులూ మళ్లీ తిరిగాము.

కులం వివరాలతో కూడిన జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా కేంద్రం ప్రకటించింది. 2020 నాటి భయాలు మన వారి మనసుల్లో ఇంకా ఉన్నాయి. గణకుడు వస్తే తలుపు వేసుకున్న ఇళ్లు మేము చూశాము. 1948 జనగణన చట్టం 15వ సెక్షను ప్రకారం ఒక వ్యక్తి ఇచ్చిన వివరాలు రహస్యం. వాటిని సాక్ష్యంగా వాడడానికి వీల్లేదు. రాష్ట్రాలు విడిగా చేసే సర్వేలకు ఈ చట్టపు రక్షణ లేదు. ఆ తేడా తెలుసుకొని, అటువంటి రక్షణ వాటికీ కావాలని అడగడం మన హక్కు.

గిద్దలూరు, కంభం, మార్కాపురం మస్జిద్ కమిటీలవారికి మేము కోరేది ఇంతే. గణకుడు రాకముందే జుమా తర్వాత అయిదు నిమిషాలు ఈ మాట చెప్పించండి. మతం దగ్గర ముస్లిం అని రాయించండి. కులం దగ్గర కూడా ముస్లిం అని రాయించి ఊరుకోకండి. దూదేకుల, షేక్, ఫకీరు, మెహతర్, ధ్రువపత్రంలో ఏది ఉంటే అదే రాయించండి. వృత్తి దగ్గర ఇంటి ఆడవారిని పిలిచి వారి నోటితోనే చెప్పించండి. పేర్లు తొలగించి, మండలం వారీగా మతం, కులం, స్త్రీపురుషులు, వృత్తి కలిసి ఉండే పట్టికలను ప్రచురించమని కోరుతూ కలెక్టరుకు అర్జీ పెట్టండి. అర్జీ నమూనా మేము తయారు చేసి ఉంచాము. రెండు పుటలు. ఈసారి దానిలో గడులు మేమే గీశాము.