పిల్లలు వడ్డించుచున్నారు, పెద్దలు లెక్కించుచున్నారు



మొన్న ఒక ఆదివారమున ఆరాధన ముగిసిన పిమ్మట గుడి అరుగుమీద కూర్చుండి మాటలాడుకొనుచుండగా, ఒక పెద్ద తన కుమారునిగూర్చి మొరపెట్టుకొనెను. “చదువుకొమ్మని పట్నం పంపితే, మావాడు రాత్రిపూట స్నేహితులతో కలిసి రోడ్డుపక్క పడుకునేవాళ్లకు అన్నం పొట్లాలు పంచుతున్నాడట! ఊరికే పెడితే వాళ్లు సోమరిపోతులు కారా?” అనెను. అక్కడ తలయూపినవారే ఎక్కువ. నేనును ఆ దినమున నోరు మూసికొని యింటికి వచ్చితిని. అందుచేతనే నేడు వ్రాయుచున్నాను.

సోమరులు అను మాటను మొదట విచారింతము. హైదరాబాదులోగాని విశాఖపట్నములోగాని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి గోడ వెంబడి రాత్రి పది గంటలకు నడిచి చూడుడి. చాప పరచుకొని, గుడ్డల సంచి తలక్రింద పెట్టుకొని పండుకొన్నవారు ఎవరు? మనవంటి పల్లెలవారే. లోపల మంచముమీద భర్త, బయట నేలమీద భార్య. రోగికి ఆసుపత్రిలో భోజనము పెట్టుదురు. వెంట వచ్చిన ఆమెకు ఎవరు పెట్టుదురు? తెచ్చుకొన్న డబ్బు మందులకును ప్రయాణములకును చెల్లిపోయెను. ఇంకను కొంచెము దూరము పొండి. తెల్లవారకముందే అడ్డామీద నిలిచి, మధ్యాహ్నమువరకు ఎవరును పిలువక తిరిగివచ్చిన కూలివాడు ఉన్నాడు. కొడుకులు వంతులు వేసికొని, చివరకు ఏ వంతుకును రాని ముసలితల్లి ఉన్నది. వీరిలో ఎవరిని సోమరి అందుము? 2011 జనాభా లెక్కలలో ఇల్లు లేనివారు మన దేశమందు 17 లక్షలకు పైగా తేలిరి. ఇంతమందియు పని తప్పించుకొనుటకే దుమ్ములో పండుకొనిరా?

“సర్కారువారు బియ్యం ఇస్తున్నారుగదా” అని మరియొకరందురు. నిజమే. 2013 నాటి ఆహారభద్రత చట్టము చొప్పున కార్డుగల సామాన్య కుటుంబములలో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యము. 2023 జనవరి మొదలు దానికి వెలయును లేదు. అయితే బియ్యము అన్నమగుటకు పొయ్యి కావలెను, గిన్నె కావలెను, వాన తగులని మూల యొకటి కావలెను. కాలిబాటమీద ఉన్నవాడు పచ్చి బియ్యము నమిలి బ్రదుకునా? అయిదు రూపాయల భోజనము హైదరాబాదులో 2014లో మొదలయ్యెను. ఆంధ్రలో అన్న క్యాంటీనులు 2018లో తెరచిరి, 2019లో మూసిరి, 2024 ఆగస్టులో మరల తెరచిరి. మంచి పనియే, సంతోషము. కాని మూసియుంచిన ఆ అయిదేండ్లు ఆకలియు మూతపడెనా?

ఆ పిల్లలు చేయుచున్న పని ఎట్టిదో తెలిసికొనుడి. 2014లో ఢిల్లీ నగరమున కొందరు యౌవనులు రాబిన్ హుడ్ ఆర్మీ అను పేరుతో కూడుకొని, హోటళ్లలో మిగిలిన మంచి ఆహారమును అడిగి తెచ్చి, లేనివారికి పెట్టసాగిరి. వారు డబ్బు పుచ్చుకొనరు; అన్నమును, మనుష్యుల సమయమును మాత్రమే అడుగుదురు. నేడు అనేక పట్టణములలో విద్యార్థులు, ఉద్యోగస్థులు ఈ పనిలో ఉన్నారు. ఇది వినోదము కాదు. వేడి అన్నము మూతవేసిన గిన్నెలో ఎక్కువసేపు నిలిచిన పాసిపోవును. కనుక వాసన చూడవలెను, రుచి చూడవలెను, చెడకముందే చేర్చవలెను.

పిల్లలయందు తప్పు లేదని నేను చెప్పను. పుట్టినరోజున నూరు పొట్లములు పంచి, మరునాడు ఆ వీధివైపు చూడనివారు ఉన్నారు. పండుగనాడు ఒక్కనికే నాలుగు పొట్లములు అందును. మరుసటి రాత్రి ఒక్కటియు లేదు. అన్నము చేతికిచ్చుచు ఫోటో తీయువారును ఉన్నారు. ఊరివారు చూతురేమోయని ఆ ముసలితల్లి కొంగు ముఖముమీదికి లాగుకొనును. ఇట్టివారిని తప్పక గద్దించుడి. అయితే “మానుకో” అని కాదు. “సరిగా చేయి, విడువక చేయి” అని గద్దించుడి. పొట్లముతో సరిపెట్టవద్దనియు చెప్పుడి. పట్టణములలో లక్ష జనాభాకు ఒక రాత్రి ఆశ్రయము ఉండవలెనని 2010లో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించెను. ఆ ఆశ్రయము ఎక్కడనున్నదో కనుగొని, ఆ ముసలితల్లిని అక్కడికి చేర్చుట అన్నముకంటె గొప్ప సహాయము.

అరణ్యమందు అయిదువేలమంది ఆకలిగొన్న సాయంకాలమును మనము ఎన్ని పర్యాయములు వినియున్నాము! అక్కడ పెద్దలైన శిష్యులు ఏమి చేసిరి? ఖర్చు లెక్కవేసిరి. రొట్టెలు తెచ్చినవాడు ఒక బాలుడు. ఆ కథ విని సంతోషించు మనము, మన యింటి బాలుడు అన్నము పట్టుకొని బయలుదేరగానే లెక్కలు తీయుచున్నామా?

సెలవులకు మీ కుమారుడు, కుమార్తె వచ్చినప్పుడు ఒక్క ప్రశ్న అడుగుడి: “నీవు పెట్టినవారి పేరేమి? ఏ ఊరు?” ఆ ఊరు మన పొరుగూరే కావచ్చును, మన ఊరే కావచ్చును. మన సంఘమునుండి రోగి పట్నమునకు పోవునప్పుడు ప్రార్థించి సాగనంపుదుము. వెంట పోవు మనిషి కూటికి ఏమి కట్టి పంపితిమి? కోతల పండుగనాడు వచ్చిన బియ్యములో ఆమె పాలు ఎంత? మనము కట్టి పంపని మూటను మన పిల్లలు రాత్రివేళ మోయుచున్నారు. వారిని ఆపకుడి.