స్కాన్ ఫోన్లోకి వచ్చింది, వైద్యం రాలేదు

మొన్న మిరప కోతలప్పుడు దర్శి వైపు మా సంఘం సభ్యుడొకాయన, కౌలు రైతు, కల్లంలో కాయలు తిరగేస్తూ కూలబడ్డాడు. మూతి వంకర పోయింది. కుడి చెయ్యి లేవలేదు. ఆటోలో ఆర్‌ఎంపీ దగ్గరికి, అక్కణ్ణుంచి టౌనుకు తీసుకుపోయాం. ఒక ప్రైవేటు సెంటర్లో తలకు సీటీ తీసి, రిపోర్టు రేపు పొద్దున అన్నారు. ఎవరో ఆ ఫిలిమును ట్యూబులైటుకు ఆనించి ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపారు. పది నిమిషాల్లో జవాబొచ్చింది: మా ఆస్పత్రికి తీసుకురండి, రెండు లక్షలు సర్దుకోండి అని. జబ్బేమిటో అందులో లేదు. చూసిన డాక్టరు పేరూ లేదు. డబ్బు పుట్టించి బయల్దేరేసరికి ఏడు గంటలు గడిచాయి.

పక్షవాతంలో మెదడు నరంలో గడ్డ అడ్డుపడితే, దాన్ని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. అదే నరం చిట్లి రక్తం కారుతుంటే ఆ ఇంజెక్షనే ప్రాణం తీస్తుంది. ఏది ఏదో మనిషిని చూసి చెప్పలేరు, స్కాన్ చూడాల్సిందే. రాత్రిపూట చిన్న ఆస్పత్రుల్లో అది చూసి చెప్పే డాక్టరు ఉండడు. కాబట్టి ఫోన్లో స్కాన్ చూడటాన్ని మేం తప్పుపట్టం. అది కావాలనే అడుగుతున్నాం.

అయితే ఫిలిమును ఫొటో తీసి పంపడం వేరు, స్కాన్ ఫైలునే పంపడం వేరు. సీటీలో పదుల కొద్దీ పొరలుంటాయి. అసలు ఫైలైతే డాక్టరు ఒక్కో పొరా తెరిచి, వెలుగు పెంచి తగ్గించి చూస్తాడు. ఫొటోలో అవన్నీ గోరంత బొమ్మలు. యార్డులో ఫొటో చూసి మిర్చికి ధర కడతారా? టిక్కీ విప్పి కాయ విరిచి చూడందే బేరమాడరు. మన తలకాయకు ఆ మాత్రం విలువ లేదా? అమెరికాలో 2011లో ఫోన్లో సీటీ, ఎంఆర్‌ఐ చూసే యాప్‌కు అనుమతిచ్చినప్పుడు కూడా, పెద్ద కంప్యూటర్ అందుబాటులో లేనప్పుడే వాడాలని షరతు పెట్టారు.

మన రాష్ట్రానికి ఇది తెలియని విద్య కాదు. చిత్తూరు జిల్లా అరగొండలో ఉపగ్రహం ద్వారా పట్నం డాక్టర్లు రోగిని చూసే కేంద్రాన్ని 2000 మార్చిలో క్లింటన్ ప్రారంభించాడు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. అప్పట్నుంచీ ఆపరేషన్‌కు డబ్బు మంజూరు చేయడానికి మన స్కాన్లు ఆన్‌లైన్లో ట్రస్టు డాక్టర్ల దగ్గరికి పోతూనే ఉన్నాయి. బిల్లు కోసం ప్రయాణం చేసే స్కాన్ ప్రాణం కోసం ఎందుకు చెయ్యదు? గుండెపోటుకైతే 2023లో ఆ పని మొదలైంది. చిన్న ఆస్పత్రిలో తీసిన ఈసీజీని పెద్దాసుపత్రి గుండె డాక్టరు చూసి చెబితే, బయట నలభై వేలకు పైగా ఖరీదు చేసే ఇంజెక్షన్ అక్కడే ఉచితంగా ఇస్తున్నారు. పక్షవాతానికీ, ట్రాక్టరు తిరగబడి తలకు దెబ్బ తగిలినవాళ్ళకూ ఇదే కావాలి.

దానికి ఏరియా ఆస్పత్రిలో రాత్రీ పగలూ పనిచేసే సీటీ యంత్రం, దాన్ని నడిపే టెక్నీషియన్ ఉండాలి. గుంటూరు, ఒంగోలు పెద్దాసుపత్రుల్లో ఆ గంటకు ఫలానా డాక్టరు బాధ్యుడని రాసిపెట్టి ఉండాలి. ఇంజెక్షన్ కింది ఆస్పత్రిలోనే నిల్వ ఉండాలి. ఇవి లేకుండా యాప్ ఒక్కటే ఇస్తే అది కమీషన్ బ్రోకర్ చేతిలో పనిముట్టు అవుతుంది.

2020 మార్చి టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం, వాట్సాప్‌లో సలహా ఇచ్చినా సరే, డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరు చూపాలి, రికార్డు ఉంచాలి. నంబరు అడగండి. స్కాన్ సెంటర్లో ఫిలిముతో పాటు సీడీ కూడా అడిగి తీసుకోండి. మీ ఊరికి దగ్గర్లో రాత్రిపూట సీటీ తీసే ఆస్పత్రి ఏదో, ఎంత దూరమో గ్రామ కమిటీలు రాసి వచ్చే నెల మండల సమావేశానికి తీసుకురావాలి. ఆ కాగితాలతోనే కలెక్టర్ల దగ్గరికి వెళ్దాం.