రసాయనము - హృదయము

ఆయుర్వేదమునకు అంగము లెనిమిది. అందు రసాయనతంత్ర మొకటి. ముదిమిని దూరము చేసి, క్షీణించిన ధాతువులకు మరల బలము చేకూర్చు విద్యకు మన పూర్వు లా పేరుంచిరి. పాశ్చాత్యుల కెమిస్ట్రీకి తెలుగున పేరు కావలసివచ్చినప్పుడు మనవారు ఈ ప్రాతమాటనే తెచ్చి రసాయనశాస్త్ర మనిరి. మాట ఒక్కటియే, అర్థములు రెండు. ద్రవ్యముల కూర్పును, మార్పును పరీక్షించు శాస్త్ర మొకటి. శిథిలమైన దేహమును నూతనము చేయు చికిత్స మఱియొకటి. ఈ రెండర్థములును ఒక్క పరిశోధకుని జీవితమున కలిసికొన్న వృత్తాంతమును నేడు పాఠకులకు విన్నవింపదలచితిమి. పేరు మన పూర్వులది. పని మాత్రము పరదేశమున జరిగినది. ఎందుకట్లు జరిగినదో ఆలోచించుటయే మా యుద్దేశము.

ఆ పరిశోధకులు ఆచార్య షెంగ్ డింగ్. చైనా దేశమున జన్మించి అమెరికాలో విద్య గడించినవారు. 1999లో కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థయందు రసాయనశాస్త్ర పట్టమును, 2003లో స్క్రిప్స్ పరిశోధన సంస్థయందు పీటర్ షుల్జ్ గారి శిష్యులై డాక్టరు పట్టమును పొందిరి. వారు నేర్చినది వైద్యము కాదు, కర్బన రసాయనము. కర్బన పరమాణువుల వలయములకు వివిధ శాఖలను తగిలించి, వేలకొలది చిన్న అణువులను నిర్మించుట ఆ విద్య. అయితే వారు తమ అణువులను సీసాలలో నిలువచేసి తృప్తిపడలేదు. వానిని సజీవ కణములపై ప్రయోగించి, ఏ అణువు ఏ కణమును ఏ దారికి మరల్చునని ప్రశ్నించిరి. 2004లో వారును సహచరులును, ఎలుక పిండమునుండి తీసిన మూలకణములను గుండె కండరకణములుగా మార్చు కార్డియోజెనాల్-సి అను అణువును ప్రకటించిరి. రసాయనజ్ఞుడు గుండె వాకిట అడుగిడెను.

గుండెకు ఈ సాయమెందుకు? చర్మము తెగిన మరల కూడుకొనును. కాలేయమును కొంత కోసివేసినను పెరుగును. గుండె యట్లు కాదు. పెద్ద గుండెపోటు వచ్చినప్పుడు సుమారు నూఱుకోట్ల కండరకణములు నశింపగలవు. ఆ చోట మచ్చ ఏర్పడును. అది బిగువుగా నుండును గాని ముడుచుకొనదు, రక్తమును నెట్టదు. పండెడు పొలము నడుమ పడిన చవిటిపఱ్ఱ వంటిది. మిగిలిన కండరము దాని పనిని గూడ చేసి చేసి యలసిపోవును. మన దేశమున మరణకారణములలో హృద్రోగము నేడు ప్రథమస్థానమున నున్నది. కావున ఇది పండితుల వినోదము కాదు. ప్రతి గ్రామమునకును, ప్రతి గృహమునకును సంబంధించిన ప్రశ్న.

పెద్దవారి గుండెలో క్రొత్తకణములు బొత్తిగా పుట్టవా? ఈ సందేహమును తీర్చినదియు కర్బనమే. 1963 నాటి ఒడంబడికకు ముందు ఆకాశమున ప్రేల్చిన అణుబాంబుల వలన గాలిలో కర్బనము-14 పెరిగెను. అది పైరులలోనికి, అన్నములోనికి, తుదకు మన కణముల జన్యుద్రవ్యములోనికి చేరెను. దాని పాలును కొలిచినచో కణము పుట్టిన కాలము తెలియును. స్వీడను దేశమందలి కరోలిన్‌స్కా సంస్థలో యోనాస్ ఫ్రీసెన్ బృందము వారు 2009లో ఈ లెక్క కట్టిరి. 25 ఏండ్ల ప్రాయమున ఏటికి నూటికొక్క కండరకణము క్రొత్తది వచ్చును. 75 ఏండ్లకు అది నూటికి 0.45కు తగ్గును. ప్రకృతి తలుపు పూర్తిగా మూయలేదు. కాని సందు మిక్కిలి సన్నము.

కొన్ని ప్రాణులకు ఈ తలుపు తెఱచియే యున్నది. మన దేశపు ఏఱులలో స్వభావముగా తిరుగు చారలచేప కలదు; దానిని జీబ్రాచేప యందురు. దాని గుండె జఠరికలో ఐదవవంతును కోసివేసినను రెండు మాసములలో తిరిగి నిర్మించుకొనునని 2002లో తెలిసెను. చేప మన ఏటిది. దాని గుండెను చదివినవారు బోస్టను నగరమువారు. పుట్టిన దినమున ఎలుకపిల్లకును ఆ శక్తి కలదనియు, వారము గడచునప్పటికి అది పోవుననియు 2011లో అమెరికా పరిశోధకులు చూపిరి. పోయిన ఆ శక్తిని మరల రప్పించుట ఎట్లు?

జపానులో షిన్యా యమనక 2006లో నాలుగు జన్యువులను చొప్పించి సామాన్య కణమును మూలకణముగా మార్చిరి. 2010లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమందలి గ్లాడ్‌స్టన్ సంస్థలో దీపక్ శ్రీవాస్తవ బృందము వారు మూడు జన్యువులతో ఎలుక గుండెలోని సంధాయక కణములను కండరకణముల వంటివానిగా మార్చిరి. మచ్చను గట్టిపఱచు కణమే కండరమగుట అద్భుతము. కాని బయటి జన్యువును కణమున చొప్పించుటలో అపాయము లేకపోలేదు. చొచ్చినదానిని మరల తీయుట కష్టము. అది కణముల క్రమమును చెఱచి వ్రణములకు దారితీయవచ్చును. చిన్న అణువు అట్టిది కాదు. తూచి ఇయ్యవచ్చును, ఆపివేయవచ్చును, కడుగగా పోవును, సీసాలో దాచి దూరదేశములకు పంపవచ్చును. షెంగ్ డింగ్ గారు అదే గ్లాడ్‌స్టన్ సంస్థలో 2016లో తొమ్మిది రసాయనద్రవ్యములను కలిపి, ఒక్క జన్యువునైనను చొప్పింపక, మానవ సంధాయక కణములను గుండె కండరకణముల వంటివానిగా మార్చిరి. ముడుచుకొనియున్న హృదయ జన్యుభాగములను ఆ ద్రవ్యములు విప్పినవి. అట్లు మారిన కణములలో నూటికి 97కు మించి తమంతట స్పందించినవి.

ఇచట పాఠకులకు ఒక హెచ్చరిక చేయక తప్పదు. గాజుపళ్లెములో కొట్టుకొను కణము వేఱు, రోగి యెదలో కొట్టుకొను గుండె వేఱు. ఆ తొమ్మిది ద్రవ్యముల మిశ్రమము నేటికిని మందు కాలేదు. తొందరపడి ఆశలమ్మిన చరిత్రయు ఈ రంగముననే కలదు. అస్థిమజ్జ కణములు గుండెను పునర్నిర్మించునని 2001లో పియెరో అన్వెర్సా ప్రభృతులు ప్రకటింపగా లోక మబ్బురపడెను. 2004లోనే ఇతర ప్రయోగశాలలు ఆ ఫలితము తమకు కనబడలేదని చెప్పినవి. 2018 అక్టోబరులో హార్వర్డు వైద్యకళాశాలయు, బ్రిగమ్ వైద్యశాలయు అన్వెర్సా ప్రయోగశాలకు సంబంధించిన 31 వ్యాసములలో తప్పుడు లేక కల్పిత సమాచారమున్నదని, వానిని ఉపసంహరింపవలసినదని పత్రికలను కోరినవి. గొప్పపేరు సాక్ష్యము కాజాలదు. మఱియొకని చేతిలోను అదే ఫలమునిచ్చునదియే శాస్త్రము.

ఇక మన సంగతి. పదవతరగతి దాటగానే మన పిల్లలలో అత్యధికులు ఎం.పి.సి., బై.పి.సి. అను రెండు గుంపులుగా చీలిపోవుచున్నారు. గణితము చదివినవాడు కప్పగుండెనైనను చూడడు. జీవశాస్త్రము చదివినవానికి గణితము పొరుగూరు. రసాయనశాస్త్రము రెండు గుంపులకును ఉమ్మడియే. వంతెన కావలసిన ఆ శాస్త్రము ఇరువైపులను ప్రవేశపరీక్ష మార్కులకు మెట్టుగా మాత్రమే మిగిలినది. ఒక ఒడ్డున ఇంజనీరు, ఒక ఒడ్డున వైద్యుడు. నడుమ నిలిచి ప్రశ్నించువాడు అరుదు. హైదరాబాదు కర్మాగారములలో మనవారు మందులను టన్నులకొలది తయారు చేయుచున్నారు. ఇది గర్వింపదగిన నేర్పే. కాని వానిలో పెక్కు ఇతరులు కనుగొన్న అణువులు.

ఈ గోడ మన స్వభావము కాదు. 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మదరాసున వైద్యము చదివిరి. ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహమునకు గురియై ఎల్.ఎం.ఎస్. పట్టముతోనే వెలువడిరి. హార్వర్డునకు పోయి రసాయనమును చేపట్టి, కండరమునకు బలమిచ్చు ఫాస్ఫోక్రియాటినును 1927లోను, ఏ.టి.పి.ని 1929లోను ఫిస్కే గారితో కలిసి వెల్లడించిరి. మన గుండె ప్రతి స్పందనమునకును ఆ ద్రవ్యములే ఇంధనము. పిమ్మట వారి నాయకత్వమున రూపొందిన హెట్రజాను గోదావరి మండలములవారెఱిగిన బోదకాలి వ్యాధికి మందైనది. హైదరాబాదునందలి కణ, అణుజీవశాస్త్ర కేంద్రము సైతము 1977లో రసాయన పరిశోధనాలయపు జీవరసాయన శాఖనుండియే పుట్టినది. ఒకనాడు చేసినదానిని మరల చేయలేమా?

కళాశాలలు నడపు పెద్దలకును, విద్యకు ధనమిచ్చు భూస్వాములకును మా మనవి యిది. భవనమునకు మీ పేరు చెక్కించుటకు ముందు, రసాయనము చదువు విద్యార్థి సజీవ కణమును చూచుటకు ఒక సూక్ష్మదర్శినిని, వైద్యవిద్యార్థి తన చేతితో ఒక అణువును నిర్మించుటకు ఒక బల్లను ఏర్పఱుపుడు. తలిదండ్రులారా, ఇరుశాస్త్రముల నడుమ నిలిచి ప్రశ్నించు పిల్లవానిని దారితప్పినవాడని మందలింపకుడు. ఆ ప్రశ్నకు ఇరువదియేండ్లు పట్టవచ్చును. షెంగ్ డింగ్ గారికి మొదటి అణువునుండి 2016 నాటి ఫలమునకు పండ్రెండేండ్లు పట్టినది. కొబ్బరి నాటువానికి ఓపిక నేర్పనక్కఱలేదు. విద్య విషయమున మాత్రము ఆ ఓపిక మనకేల లేకపోవలెను?