విండ్రష్ ఒడ్డున కప్పు లేని ఇల్లు

పిల్లలూ! ఈ నెల మనం ఇంగ్లండులో ఒక చిన్న ఊరు చూసి వద్దాం. అక్కడి పెద్ద పట్టణాల సంగతులు మీ పాఠ్యపుస్తకాలలో ఎలాగూ ఉంటాయి. మనం పోయే ఊళ్ళో రాజభవనమూ లేదు, ఓడరేవూ లేదు. ఒక ఏరు, ఒక వంతెన, ఒక వీధి, వీధి చివర ఒక చర్చి, చర్చి వెనుక కూలిపోయిన ఒక పెద్ద ఇల్లు. అంతే. నడక ఎక్కువ లేదు, చిన్న తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ కూడా వెంట తీసుకురండి.

ఊరి పేరు మిన్‌స్టర్ లవెల్. ఆక్స్‌ఫర్డు పట్టణానికి పడమరగా సుమారు 15 మైళ్ళ దూరంలో, అనగా 24 కిలోమీటర్లలో ఉన్నది. ఊరు చేరబోయే ముందు విట్నీ అనే చిన్న పట్టణం తగులుతుంది. విట్నీ కంబళ్ళకు కొన్ని వందల ఏళ్ళపాటు గొప్ప పేరు ఉండేది. అక్కడి చివరి కంబళ్ళ మిల్లు 2002లో మూతపడింది. ఆ మిల్లులకు నీరిచ్చిన ఏరు ఒడ్డునే మన ఊరు కూడా ఉన్నది. ఆ ఏటి పేరు విండ్రష్.

ఏరు అనగానే గోదావరిని తలచుకోకండి. విండ్రష్ మన పంటకాలువలాగా ఉంటుంది. సుమారు 40 మైళ్ళు పారి థేమ్సు నదిలో కలుస్తుంది. సున్నపురాతి కొండల నుంచి దిగి వస్తుంది గనుక నీరు తేటగా ఉంటుంది. ఇరుకైన పాత రాతి వంతెన మీద నిలబడి కిందికి చూడండి. నాచు తీగలు ప్రవాహం పోయే వైపుకే వాలి ఆడుతూ ఉంటాయి. చప్పుడు లేదు. బాతు ఒకటి రెక్కలు కొట్టుకుంటే అదే పెద్ద చప్పుడు.

వంతెన దాటితే వీధి. మొదట్లోనే ఓల్డ్ స్వాన్, అనగా ‘పాత హంస’ అనే సత్రం కనబడుతుంది. అక్కడి నుంచి ఇళ్ళు వరుసగా ఉంటాయి. గోడలు రాతివి, తేనెరంగు. కప్పులు కొన్నింటికి మన పల్లెలలో లాగా గడ్డి, కొన్నింటికి రాతి పలకలు. పేదవాళ్ళ ఇళ్ళు కనుక గడ్డి కప్పులు అనుకునేరు! గడ్డి నేయడం అక్కడ ఈనాడు ఖరీదైన పనితనం.

ఆ గోడ రాయిని దగ్గరగా, వీలైతే భూతద్దంతో చూడండి. చిన్న చిన్న గుండ్రని గింజలు ఒకదానికొకటి అంటుకుని కనిపిస్తాయి. బూందీ లడ్డూ విరిచి చూస్తే ఎలా ఉంటుందో అలాగే, కాని గింజలు ఆవగింజకంటే చిన్నవి. సుమారు 17 కోట్ల ఏళ్ళ క్రితం ఆ ప్రాంతమంతా లోతులేని వెచ్చని సముద్రం. అలల తాకిడికి ఇసుక రేణువులూ గవ్వల ముక్కలూ అటూ ఇటూ దొర్లుతూ ఉంటే, నీటిలోని సున్నం వాటి చుట్టూ పొర మీద పొరగా పట్టింది. అలా తయారైన గుండ్లు అడుగున పేరుకుని, గట్టిపడి రాయి అయినాయి. చేపగుడ్ల వలె ఉంటుందని శాస్త్రజ్ఞులు దీనికి ‘గుడ్డు రాయి’ అని అర్థం వచ్చే పేరే పెట్టారు.

రాతి పలకల సంగతి ఇంకా వింత. అక్కడికి కొద్ది మైళ్ళ దూరంలో స్టోన్స్‌ఫీల్డు అనే ఊరున్నది. అక్కడి గనులలో తీసిన రాయిని పనివాళ్ళు సుత్తితో చీల్చేవారు కారు. తడి ఆరకుండా ఉంచి, చలికాలం దాకా ఆగేవారు. మంచు పడిన రాత్రి రాతి పొరల మధ్య ఉన్న నీరు గడ్డకట్టేది. నీరు గడ్డకడితే ఉబ్బుతుందని మీకు తెలుసు. ఆ ఉబ్బుకు రాయి పలకలుగా విడిపోయేది. కూలి అడగని పనివాడు! ఆ స్టోన్స్‌ఫీల్డు గనులలోనే ఒక పెద్ద జంతువు ఎముకలు దొరికాయి. 1824లో విలియం బక్లండ్ అనే శాస్త్రజ్ఞుడు దానికి మెగలోసారస్ అని పేరు పెట్టాడు. డైనోసారు జాతిలో శాస్త్రీయంగా పేరు పొందిన మొట్టమొదటి జంతువు అదే.

సరే, నడవండి. వీధి చివర సెయింట్ కెనెల్మ్ చర్చి. ‘మిన్‌స్టర్’ అంటే పాతకాలపు పెద్ద చర్చి అని అర్థం. ‘లవెల్’ అనేది ఆ ఊరు ఏలిన ప్రభువుల ఇంటిపేరు. ‘తోడేలు పిల్ల’ అని దానికి అర్థం. మూలపురుషుడికి ఎవరో పెట్టిన ముద్దుపేరు కాబోలు, వంశానికే అంటుకుపోయింది. చర్చి లోపల అలబాస్టరు అనే తెల్లరాతితో చెక్కిన వీరుడొకడు సమాధి మీద పడుకుని ఉంటాడు. విలియం లవెల్ ప్రభువని కొందరు, ఆయన కొడుకు జాన్ అని కొందరు అంటారు. ఈ విలియం పేరు గుర్తుంచుకోండి. చర్చినీ, దాని వెనుక ఉన్న ఇంటినీ కట్టించినవాడు ఆయనే.

సమాధుల మధ్య నుంచి ముందుకు పోతే ఒక్కసారిగా ఎత్తయిన గోడలు ఎదురవుతాయి. లోనికి పోవడానికి టికెట్టు లేదు, కాపలా లేదు. రాతి ముక్కలు పరచిన బాట తిన్నగా వాకిలి దగ్గరికి పోతుంది. వాకిలి పైన కమానుల కప్పు నేటికీ చెక్కుచెదరక నిలిచి ఉన్నది. దాని కింద నుంచి లోపలికి అడుగుపెట్టి తల ఎత్తండి. పైన కప్పు లేదు, ఆకాశం! అది ఒకప్పటి పెద్ద చావడి. ప్రభువూ, పరివారమూ, అతిథులూ కలసి భోజనం చేసిన చోట ఇప్పుడు పచ్చగడ్డి మొలిచింది.

1430ల ప్రాంతంలో విలియం లవెల్ ఈ ఇల్లు కట్టించాడు. ఇంగ్లండులోని బహు ధనవంతులలో ఆయన ఒకడు. మన మండువా లోగిలి చూశారు గదా? అలాగే మధ్య ముంగిలి, మూడు వైపుల ఇళ్ళు, నాలుగోవైపు ఏటిని ఆనుకుని గోడ. పక్క పొలంలో గుండ్రని రాతి కట్టడం ఒకటి ఉన్నది. అది పావురాల గూడు. లోపలి గోడ నిండా వరుసలు వరుసలుగా కన్నాలు. మాంసం కోసం పావురాలను పెంచేవారు. అవి మేసేది మాత్రం ఊరి రైతుల చేలలోని గింజలు! గూడు కట్టుకునే హక్కు ప్రభువుకే ఉండేది, రైతుకు లేదు.

విలియం మనుమడు ఫ్రాన్సిస్. అసలు కథ ఇతనిది. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. రిచర్డు అనే రాజకుమారునితో స్నేహం కుదిరింది. 1483లో ఆ రిచర్డే మూడవ రిచర్డుగా రాజైనాడు. ఆ ఏడే మిన్‌స్టర్ లవెల్‌కు వచ్చి స్నేహితుని ఇంట బస చేశాడు. మనం నిలబడి ఉన్న ఈ గడ్డి మీదనే! కాని రాజ్యం రెండేళ్ళే. 1485 ఆగస్టు 22న బాస్‌వర్తు యుద్ధంలో రిచర్డు చనిపోయాడు. గెలిచిన ఏడవ హెన్రీ రాజు ఫ్రాన్సిస్ ఆస్తులన్నీ లాక్కుని, ఈ ఇంటిని తన పినతండ్రి జాస్పర్ ట్యూడరుకు ఇచ్చాడు.

ఫ్రాన్సిస్ లొంగలేదు. లాంబర్ట్ సిమ్నెల్ అనే సుమారు పదేళ్ళ కుర్రవాణ్ణి పట్టుకుని, ‘ఇతడే అసలు రాజవంశీకుడు’ అంటూ కొందరు 1487లో డబ్లిన్‌లో కిరీటం పెట్టారు. ఫ్రాన్సిస్ వారి పక్షాన చేరాడు. ఆ ఏడు జూన్ 16న స్టోక్ దగ్గర యుద్ధంలో వాళ్ళు ఓడిపోయారు. పాపం, ఆ కుర్రవాడికేం తెలుసు? హెన్రీ వాణ్ణి చంపలేదు, తన వంటశాలలో మాంసం కాల్చే ఊచ తిప్పే పనికి పెట్టాడు. ఫ్రాన్సిస్ మాత్రం గుర్రంతో ట్రెంటు నదిలోకి దిగడం కొందరు చూశారన్నారు. ఆ తరువాత ఆయన ఏమైనాడు?

ఇప్పుడు ఒక కథ చెబుతాను. చెవులతోపాటు వేళ్ళు కూడా సిద్ధంగా ఉంచుకోండి, లెక్కపెట్టవలసిన పని ఉన్నది.

ఫ్రాన్సిస్ నది దాటి, దొంగచాటుగా తన ఇంటికే వచ్చాడట. నేల కింద రహస్యపు గదిలో దాక్కున్నాడట. నమ్మకమైన నౌకరు ఒకడు రోజూ అన్నం తెచ్చి పెట్టి, బయట తాళం వేసుకుని పోయేవాడట. ఒకనాడు ఆ నౌకరు హఠాత్తుగా చనిపోయాడట. తాళం చెవి సంగతి ఇంకెవరికీ తెలియదట. 1708లో ఆ ఇంట్లో పొగగొట్టం కొత్తగా కడుతూ ఉంటే ఆ గది బయటపడిందట. లోపల ఒక అస్థిపంజరం బల్ల ముందు కూర్చుని ఉన్నదట. బల్ల మీద పుస్తకం, కాగితం, కలం ఉన్నాయట. గాలి తగలగానే అంతా పొడి అయిపోయిందట.

‘ట’ ఎన్నిసార్లు వచ్చింది? మా బడిలో పిల్లలు ఎవరైనా ‘వాడు నన్ను తిట్టాడటండీ’ అని వస్తే, ‘ఎవరు చెప్పారు? వాళ్ళకెవరు చెప్పారు?’ అని నేను అడిగేవాణ్ణి. ఈ కథనూ అలాగే అడుగుదాం.

రాతలో దొరుకుతున్నది 1737 నాటి ఒక ఉత్తరం. పార్లమెంటులో పెద్ద ఉద్యోగి అయిన విలియం కౌపర్ రాశాడు. ఆయన ఆ గది చూడలేదు. రట్లండు డ్యూకు 1728లో చెబుతూ ఉంటే విన్నాడు. డ్యూకు చెప్పినది ఇరవై ఏళ్ళ కిందటి సంగతి. అంటే జరిగిందన్న నాటికీ కాగితం మీదికి ఎక్కిన నాటికీ మధ్య 29 ఏళ్ళు! ఉత్తరంలో అస్థిపంజరం, బల్ల, పుస్తకం, ఒక టోపీ ఉన్నాయి. నౌకరూ, తాళం చెవీ లేరు. వాటిని తరువాతివాళ్ళు చేర్చారు. గాలి తగిలినంత మాత్రాన ఎముకలు పొడి కావు. ఏటి పక్కన తేమ నేలలో కాగితం 221 ఏళ్ళు నిలిచిందంటే నాకు నమ్మకం కుదరడం లేదు. ఈనాడు అక్కడ వెతికినా అటువంటి గది కనబడదు.

అయితే కథంతా వట్టిదేనా? తొందరపడకండి. ఫ్రాన్సిస్ బేకన్ అనే ప్రసిద్ధ రచయిత 1622లోనే తన గ్రంథంలో రెండు వదంతులూ రాశాడు. లవెల్ నదిలో మునిగిపోయాడని ఒకటి, చాలాకాలం ఏదో గుహలోనో నేలమాళిగలోనో బ్రతికాడని ఇంకొకటి. వదంతి ముందే ఉన్నదన్నమాట. వదంతి వినినవాళ్ళకు ఏ పాత ఎముక దొరికినా అది లవెల్‌దే అనిపించదూ?

కాగితం మీద ఉన్న మరో రెండు సంగతులు చూడండి. 1488 జూన్‌లో స్కాట్లండు రాజు లవెల్ పేరున ఒక రక్షణపత్రం ఇచ్చాడు, తన రాజ్యంలో ఎవరూ అతన్ని పట్టుకోకూడదని. యుద్ధం జరిగి అప్పటికి ఏడాది. అతడు బ్రతికి ఉన్నాడని స్కాట్లండులో అనుకున్నారన్నమాట. రెండోది, ఫ్రాన్సిస్ అత్తగారు రాసిన ఒక ఉత్తరం. భర్త జాడ తెలియని రోజులలో ఆయన భార్య ఆన్ ఉత్తర ప్రాంతానికి మనిషిని పంపి వెతికించింది. వెళ్ళినవాడు తిరిగి వచ్చాడు, ఆయన ఎక్కడ ఉన్నాడో తెలియలేదని చెప్పాడు. అస్థిపంజరం కథకంటే ఈ నాలుగు మాటలే నాకు ఎక్కువ బాధ కలిగిస్తాయి. ఇందులో ‘ట’ లేదు. కన్నతల్లి తన కూతురు పడుతున్న పాటును చూసి రాసిన మాటలు ఇవి.

ఇక, ఈ ఇల్లు ఎలా కూలింది? ఫిరంగులు పేల్చారా? పిడుగు పడిందా? అదేమీ కాదు. చేతులు మారి మారి, ఇది 1602లో కోక్ అనే కుటుంబానికి వచ్చింది. ఆ వంశంలోని థామస్ కోక్‌కు 1728లో ప్రభు బిరుదు వచ్చినప్పుడు ‘లవెల్ ప్రభువు’ అన్న పేరే కోరి పెట్టుకున్నాడు. కాని ఆయన మనసంతా నార్‌ఫక్‌లో తాను కట్టిస్తున్న హోల్కమ్ అనే కొత్త భవనం మీద ఉన్నది. పాత ఇంటి పేరు పనికివచ్చింది, పాత ఇల్లు పనికిరాలేదు. 1747 ప్రాంతం నుంచి కప్పు విప్పారు, గోడలు దించారు, రాళ్ళు ఇళ్ళు కట్టుకునేవాళ్ళకు పోయాయి. మిగిలిన గోడలను 1930లలో ప్రభుత్వం తన రక్షణలోకి తీసుకుని, మట్టీ తుప్పా తీసి నిలబెట్టింది.

ఏటి ఒడ్డున మూల బురుజు ఒకటి ఇంకా ఎత్తుగా నిలిచి ఉన్నది. అది ఫ్రాన్సిస్ కట్టించిందే అంటారు. దాని నీడ నీటిలో పడుతుంది. అక్కడ కాసేపు కూర్చోండి. జూన్ నెల అయితే రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది, తొందర లేదు. తిరిగి వచ్చేటప్పుడు వీధిలోని కొట్టాల గోడలనూ, పొలాల ప్రహరీలనూ ఒకసారి చూసుకుంటూ రండి. మోటుగా పేర్చిన రాళ్ళ మధ్య ఎక్కడైనా ఒక్క రాయి నున్నగా, అంచులు తీర్చి చెక్కినట్టు కనబడితే, దాని పక్కన ఆగండి.