మనం ఊరెళ్తే... మరి చిట్టి?

జూన్ వచ్చిందంటే మన తెలుగు ఇళ్లలో ఒకటే సందడి! అమ్మమ్మకి ఖర్జూరాలు, అన్నయ్య పిల్లలకి చాక్లెట్లు, సూట్‌కేసుల్ని పదేపదే తూకం వేయడం... ఈ హడావుడినంతా ఓ మూల కూర్చుని బిక్కుబిక్కుమంటూ చూసే ప్రాణి మా ఇంట్లో ఒకటుంది. దాని పేరు చిట్టి.

“అమ్మా, చిట్టిని కూడా విజయవాడ తీసుకెళ్దామా?” అని మా పిల్లలు ఏటా అడుగుతారు. నెల రోజుల సెలవుకి అదంత తేలిక కాదు. పెంపుడు జంతువుల్ని సామానుతోపాటు ఇండియాకి తెచ్చుకునే వెసులుబాటు ముఖ్యంగా రెండేళ్లు విదేశంలో ఉండి, శాశ్వతంగా తిరిగొచ్చేవారి కోసం పెట్టింది. అందుకు కావలసిన క్వారంటైన్ కార్యాలయాలు మనకి దగ్గరలో హైదరాబాద్, చెన్నై, బెంగళూరుల్లో ఉన్నాయి. మళ్లీ ఇక్కడికి తేవాలంటే అనుమతి పత్రం, మైక్రోచిప్, రేబిస్ టీకా, రక్త పరీక్ష కావాలి. దుబాయ్‌కైతే కార్గోలోనే రావాలి. అందుకే చాలామందికి బోర్డింగే దారి.

రెండేళ్ల క్రితం మేమో పొరపాటు చేశాం. ఫ్లైట్ రోజు సాయంత్రం చిట్టిని తీసుకెళ్లి, అంతకుముందెన్నడూ చూడని చోట వదిలేసి వెళ్లిపోయాం. అక్కడివాళ్లు బాగానే చూసుకున్నారు. కానీ అది మూడు రోజులు ముద్ద ముట్టలేదు. ఊళ్లో అందరం ఫోన్ చుట్టూ చేరి దిగాలుగా కూర్చుంటే, మా అమ్మ ఒకటే మాట అంది: “నిన్ను బళ్లో వేసే ముందు నాలుగు రోజులు గంటసేపు కూర్చోబెట్టి తీసుకొచ్చేదాన్ని కదే. దానికి ఆ మాత్రం చేయలేకపోయావా?”

నిజమే కదా! మనం తిరిగొస్తామని కుక్కకి మాటల్లో చెప్పలేం. చేసి చూపించాలి. ఆ మరుసటి ఏడు అలాగే చేశాం. మొదట ఓ గంట, తర్వాత ఓ పూట, ఆపైన ఓ రాత్రి అక్కడ ఉంచి తీసుకొచ్చాం. ఆ సెలవుల్లో చిట్టి మొదటి రాత్రే గిన్నె ఖాళీ చేసింది!

మీరూ ఈ క్రమం పాటించి చూడండి.

ఆరు వారాల ముందు: బోర్డింగ్ చోటు స్వయంగా చూసి రండి. ఏసీ రాత్రంతా ఉంటుందా, ఎండాకాలంలో ఏ వేళల్లో తిప్పుతారు అని అడగండి. మున్సిపాలిటీ రిజిస్ట్రేషన్ గడువు చూసుకోండి.

నాలుగు వారాల ముందు: రేబిస్ టీకాతోపాటు కెన్నెల్ దగ్గు టీకా కూడా ఉందో లేదో డాక్టర్‌ని అడగండి. టీకా పనిచేయడానికి వ్యవధి కావాలి కాబట్టి ఆఖరి వారం దాకా ఆగవద్దు. గంట, పూట, రాత్రి రిహార్సల్ మొదలుపెట్టండి.

వారం ముందు: మైక్రోచిప్ రికార్డులో మీ నంబరు సరిగా ఉందా? ఇండియాలో ఆ ఫోన్ పనిచేయకపోతే ఇక్కడి స్నేహితుల నంబరు కూడా చేర్పించండి. అత్యవసరమైతే మీ తరఫున వైద్యానికి ఒప్పుకోవలసింది ఎవరో రాసివ్వండి. రోజూ తినే తిండే సరిపడా పంపండి. కొత్త చోట కొత్త తిండి పెడితే కడుపు చెడుతుంది.

పిల్లలూ, మీకో పని! మీ నేస్తం గురించి ఓ పరిచయ కార్డు రాయండి. ఏ పేరుతో పిలిస్తే వస్తుంది, దేనికి భయపడుతుంది, ఏ బొమ్మ ఇష్టం? మా పిల్లలు రాసినది: “రాత్రి పెరుగన్నం లేనిదే నిద్రపోదు. మిక్సీ చప్పుడంటే భయం.” చాక్లెట్, ఉల్లిపాయ, ఎండుద్రాక్ష దానికి విషమని కూడా రాయండి. మీరు వాడిన, ఉతకని టీషర్టు ఒకటి కార్డుతో పంపండి. ఆ వాసన దానికి ధైర్యం. వదిలేటప్పుడు మాత్రం కౌగిలించుకుని ఏడవకండి. నవ్వుతూ టాటా చెప్పి వచ్చేయండి.

ఆఖరుగా పెద్దలకో మాట. ఏర్పాట్లు కుదరలేదని సెలవులకు ముందు కుక్కల్ని వీధిలో వదిలేసేవారు ఇక్కడ ఉన్నారు. మండుటెండలో అది వాటి ప్రాణం తీయడమే, చట్టప్రకారం నేరం కూడా. 1989 నుంచి దుబాయ్‌లో పనిచేస్తున్న కె9 ఫ్రెండ్స్ వంటి స్వచ్ఛంద సంస్థలు అలాంటి కుక్కల్ని ఆదుకుంటున్నాయి. కానీ వాటి దగ్గరా చోటు పరిమితమే. టికెట్లు కొన్న రోజే చిట్టి సంగతీ తేల్చేస్తే ఏ ఇబ్బందీ ఉండదు.

మీ సెలవులు, మీ నేస్తం సెలవులు కూడా హాయిగా గడవాలని కోరుకుంటూ... వచ్చే సంచికలో కలుద్దాం!