వంటగదిలోనూ దేవుని తోడు

“దేవుడు చూస్తున్నాడు, జాగ్రత్త!” అని పెద్దలు పిల్లల్ని భయపెడుతుంటారు. నా దృష్టిలో అది సగం మాటే. క్రైస్తవ విశ్వాసంలో దేవుడు తప్పులు చూసేవాడే కాదు, ఎప్పుడూ వెంట ఉండే తోడు కూడా.

17వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో బ్రదర్ లారెన్స్ అనే సన్యాసి ఉండేవాడు. యువకుడిగా సైన్యంలో పనిచేసి గాయపడ్డాడు. తర్వాత పారిస్‌లోని కార్మెలైట్ మఠంలో చేరితే ఆయనకు వంటపని అప్పగించారు. ఆ పనంటే ఆయనకు ఇష్టం లేదు. అయినా ఏళ్ల తరబడి, గిన్నెల చప్పుడు మధ్యనే మనసులో దేవునితో మాట్లాడుతూ, ఆయన కోసమే అనుకుంటూ చేశాడు. కాలు సరిగా లేకపోయినా, మఠానికి ద్రాక్షారసం కొనుక్కురమ్మని దూరప్రాంతానికి పంపితే అలాగే వెళ్లాడు. ప్రార్థన వేళ వేరు, పని వేళ వేరు అని ఆయన అనుకోలేదు. 1691లో ఆయన మరణించాక ఆయన సంభాషణలు, ఉత్తరాలు పుస్తకంగా వెలువడ్డాయి.

పిల్లలూ, మన బదిలీ బతుకులకు ఈ జీవితం దగ్గరగా ఉంటుంది. ఊరు మారితే చర్చి మారుతుంది. తెలుగులో ఆరాధన దొరకకపోవచ్చు. కొత్త తరగతిలో మొదటివారం పలకరించేవారే ఉండరు. దేవుడు పాత ఊరి చర్చిలోనే ఉంటాడనుకుంటే ప్రతి బదిలీకీ ఆయన్ని వదిలి వచ్చినట్టే అవుతుంది. చర్చి అవసరమే. కానీ ఆదివారం వచ్చేదాకా ఆగక్కర్లేదు. సామాన్లు సర్దేటప్పుడు, లెక్క తెగనప్పుడు, ఒంటరిగా టిఫిన్ డబ్బా తెరిచినప్పుడు ఒక్క మాట చెప్పుకోండి. ఆ తోడుకు బదిలీ లేదు.